ఆపదలయందు దిక్కు

(మౌలాలిలో జరిగిన పద్మశాలి కులబాంధవుల వార్షికసభ యందు చేసిన యుపన్యాసము)



"కష్టకాలమునందు దైవవిశ్వాసము" అను విషయమును గూర్చి నేటి సభలో నాలుగు మాటలు పలుకవలయునని కార్యదర్శిగారు మమ్ము కోరినారు. విషయము గొప్పది, వక్త యల్పుడు. బడిపిల్లలకు శబ్దమంజరియు బాలవ్యాకరణమును చెప్పుకొనుచు ముప్పదియేండ్లకు పైగా గడపి విశ్రాంతి నొందిన మాకు సభలయందు మాటలాడుట యలవాటు లేదు. పిల్లలు లేచిపోకుండ ద్వారమున కడ్డముగ నిలిచి మాటలాడుటయే మా యలవాటు. ఇచ్చట ద్వారములన్నియు తెఱచియున్నవి గావున మా మాటలు రుచింపనివారికి నిర్బంధ మేమియు లేదు.

ఇట్టి యంశముపై నుపన్యాసములను మేము పెక్కింటిని వినియున్నాము. వానిలో తఱచుగ వినవచ్చు మాట యొక్కటే: ఓర్పు వహింపుము, భగవంతుడు పరీక్షించుచున్నాడు, తుదకు మేలే కలుగును, అని. ఈ మాట యసత్యమని మేమనజాలము. కాని యది కడుపు నిండినవాడు ఆకొన్నవానికి చెప్పు మాటగ నుండుట మే మెఱుగుదుము. మగ్గ మమ్ముకొని పట్టణము చేరి, ఇచ్చటి కర్మాగారమున కూలికి కుదిరి, ఆ కర్మాగారమును మూతపడగా, తెల్లవారిన నేమి చేయుదునా యని రాత్రియెల్ల మేలుకొని కూర్చుండినవానితో "ఇది పరీక్ష" యనిన, ఈ పరీక్ష యెప్పుడు ముగియునని వాడడుగును. ఆ ప్రశ్నకు మాయొద్ద సమాధానము లేదు. కావున మేము నేడు ఓర్పును గూర్చి చెప్పబోము. ఆపద వచ్చినప్పుడు నోరు విప్పుటను గూర్చి చెప్పదలచితిమి. దైవవిశ్వాసమునకు నోరు విప్పుటకు సంబంధ మేమని మీ రడుగవచ్చును. ఆ సంబంధము మాకు అఱువదవ యేట గాని బోధపడలేదు.

ముందుగ నొక చిన్న పదవిచారము. వృత్తిదోషమని మన్నింపవలయును. సంస్కృతమున ఆశాశబ్దమునకు కోరిక యను నర్థమే కాక దిక్కు అను నర్థము గూడ గలదు. అమరసింహుడు దిక్కునకు గల పేళ్లను చెప్పుచు వానిలో ఆశ యను దానిని గూడ చేర్చినాడు. బాల్యమున మాకు అమరము వల్లె వేయించిన గురువుగారు ఈ మాటకడ నాగలేదు, మేమును ఆగలేదు. వల్లెవేయువాడు అర్థమును గూర్చి యాలోచింప మొదలిడిన తప్పులు దొర్లును గదా! మన తెనుగున దీనికి ప్రతిగా మఱియొక వింత జరిగినది. "దిక్కు" అను మాట తూర్పు పడమరలను చెప్పుటతో తృప్తి నొందక, ఆదుకొనువానిని గూడ చెప్పుచున్నది. "నాకు దిక్కెవరు?" "దిక్కులేని బిడ్డ" "దేవుడే దిక్కు" అని మన యిండ్లలో నిత్యము పలుకుదురు. ఆ భాష ఆశను దిక్కన్నది. ఈ భాష ఆశ్రయమును దిక్కన్నది. ఇది శాస్త్రజ్ఞు లొప్పుకొను వ్యుత్పత్తివిచారము కాదు. ముసలి యుపాధ్యాయుని వేడుక మాత్రమే. ఐనను కోరినది లభించునను నమ్మకమునకు ఆశ యని పేరు పెట్టుట కంటె, ఏ వైపు తిరిగి పిలువవలయునో తెలియుటకు ఆ పేరు పెట్టుట మేలని మాకు తోచుచున్నది.

ఈ మందిరము వెలుపలికి వచ్చి తలయెత్తిన మౌలాలి గుట్ట కనబడును. బోడిగుండు వలె నున్న యా ఱాతిగుట్టమీది దర్గా కథ మీలో పెక్కుర కెఱుకయే. పిల్లల కొఱకు చెప్పుచున్నాము. గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబుషా కొలువున యాకూతు అను సేవకు డుండెను. 1578వ సంవత్సరమున నాతడు జబ్బుపడి, ఇచ్చటికి సమీపముననే యున్న లాలాగూడలో విశ్రమించియుండెనట. ఒకనాటి రాత్రి కలలో ఆకుపచ్చని వస్త్రములు దాల్చిన పురుషు డొకడు వచ్చి, నిన్ను మౌలా అలీ పిలుచుచున్నాడని చెప్పి యీ గుట్టకు తోడ్కొనివచ్చెననియు, ఇచ్చట నొక ఱాతిపై చేయి మోపి కూర్చుండిన యా మహానుభావుని దర్శనము కలిగెననియు, మేలుకొని వచ్చి చూడగా ఱాతిపై అఱచేతి గుర్తు కనబడెననియు కథ. ఆ ఱాతిని తొలిపించి కమానులో నిలిపిరి. గుట్టకును, పిమ్మట ఊరికిని ఆ పేరే నిలిచినది.

ఇది నిజమా కాదా యని మమ్మడుగవలదు. మేము చూచునది వేఱొకటి. యాకూతు రాజు కాడు, మంత్రి కాడు, జబ్బుపడిన సేవకుడు. తాను గన్న కలను తనలోనే యుంచుకొనిన నది జ్వరపుకల యై యా రాత్రితో పోవును. పదిమందితో చెప్పెను గావున నాలుగువందల నలువదియేండ్లు దాటినను జనులు మెట్లెక్కుచునే యున్నారు. ఎక్కువారిలో మహమ్మదీయులే కాదు, మనవారును గలరు. మా యింటనే యా గుట్టకు మ్రొక్కుకొని మ్రొక్కు చెల్లించినవా రున్నారు. శివుడు కోపించిన జాడ లేదు.

ఆ గుట్ట పాదమున మాహ్ లకా బాయి చందా అను ఉర్దూ కవయిత్రి సమాధి గలదు. 1768లో పుట్టి 1824లో గతించినది. తల్లి యామెను కడుపున మోయుచు ఈ గుట్టదరికి వచ్చినపుడు గర్భము జాఱునను భయము కలిగెననియు, దర్గానుండి తెచ్చిన దారము కట్టగా నిలిచెననియు చెప్పుదురు. ఆమెకు జాగీరుగ లభించిన అడిక్‌మెట్టు భూములలోనే తరువాతి కాలమున ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినదనియు చెప్పుదురు. ఒక దారపు పోగున కింత కథ! నేతగాండ్రమగు మన కిది వినసొంపుగ నుండవలయును.

ఇక మన పురాణముల మాటకు వత్తము. విశ్వాసమనిన మౌనమని మన పూర్వులు భ్రమపడినట్లు కనబడదు. గీతయందు భగవానుడు తన్ను భజించువారు నాలుగు తెగలవారని చెప్పుచు ఆర్తుని మొదట పేర్కొనెను. జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని యనువారు తరువాతివారు. జ్ఞానియే విశిష్టుడని యా వెంటనే చెప్పెను, నిజమే. కాని నలుగురును ఉదారులే యని గూడ చెప్పెను. పంక్తిలో మొదటి పీట ఏడ్చువానిది.

బమ్మెర పోతన గజేంద్రుని చూడుడు. మొసలితో వేయేండ్లు పోరెను. పోరినంతకాలము తన బలమునే నమ్మెను. బలముడిగిన పిమ్మట పిలుచుట మొదలిడెను. పిలుచుచునే, నడుమ, ఈ పిలువబడువాడు అసలున్నాడా యను శంకకు లోనయ్యెను. పోతన యా శంకను దాచలేదు. పరమభాగవతుడైన కవి తన భక్తుని నోట నాస్తికుని ప్రశ్న నుంచెను. ఆ ప్రశ్న విని హరి యలిగి రాక మానెనని వ్రాయలేదు. ఈ ఘట్టము చదువుచుండగా మా తరగతిలో నొక బాలుడు, "అయ్యా, దేవుని సందేహించుట పాపము కాదా?" యని యడిగెను. మొసలినోట కాలుండగా వచ్చిన సందేహము వేఱు, పడకకుర్చీలో వచ్చిన సందేహము వేఱు, కూర్చుండుము, అంటిమి. తరగతి నవ్వెను. నాడు తడుముకొనక యన్న యా మాటకు అర్థము మాకే చాలకాలము పిమ్మట గాని తెలియలేదు.

మన హైదరాబాదువారికి రామదాసు కంటె దగ్గఱి దృష్టాంతము లేదు. నేలకొండపల్లి వాస్తవ్యుడగు కంచెర్ల గోపన్న, 1672 మొదలు 1687 వఱకు గోలకొండ నేలిన తానాషా కాలమున, అక్కన్న మాదన్నల మేనల్లుడై పాల్వంచ పరగణాకు తహసీలుదారుగ నుండి, భద్రాద్రిరామునకు ఆలయము గట్టించి నగలు చేయించి, అందులకు సర్కారు పైకము వాడినందున గోలకొండ కారాగారమున పండ్రెండేండ్లు మ్రగ్గెనని లోకప్రతీతి. ఆ చీకటికొట్టును నేటికిని కోటలో చూపుదురు. అచ్చట నిలిచినవారికి ఆ కీర్తనలు వేఱుగ వినబడును. ఒక కీర్తనలో నాయన, ఏ నగకు ఎంత పైకమయ్యెనో చిట్టాలో వ్రాసినట్లు వరుసగ చెప్పి, ఈ భోగమంతయు ఎవరి ధనముతో నని రాముని నిలదీసినాడు. నిలదీసిన వెంటనే, దెబ్బల కోర్వలేక యంటిని, కోపింపకుమని వేడుకొనినాడు. తహసీలుదారు గదా, చెఱలోను లెక్క మఱవలేదు! తండ్రి వినకున్న తల్లికి చెప్పుకొనుట మన యిండ్లలో పిల్లలు చేయు పని. ఆయనయు సీతమ్మ చేత సిఫారసు చేయింపజూచెను. దెప్పుట, అలుగుట, బ్రతిమాలుట, మరల దెప్పుట — ఇదియంతయు భక్తియే యని మూడువందల యేండ్లకు పైగా పాడుకొనుచున్నాము. భక్తుడు దేవుని తిట్టవచ్చునా యని ఏ భాగవతులును ఆ కీర్తనను మానలేదు.

తుదకు రామలక్ష్మణులే వచ్చి తానాషాకు ఆరు లక్షల పైకము చెల్లించి రసీదు పుచ్చుకొనిరని మీరందఱు నెఱిగిన కథ. దానికి తోడు మఱియొక కథ గలదు: గోపన్న పూర్వజన్మమున నొక చిలుకను పండ్రెండేండ్లు పంజరమున నుంచెను గావున నిన్ని యేండ్ల చెఱ కలిగినదని. ఈ రెండవ కథను గూర్చి మాకొక మనవి గలదు. కర్మసిద్ధాంతమును మేము నమ్ముదుము. కాని యది తన కష్టమునకు తాను చెప్పుకొనినచో నోదార్పు. పరుల కష్టమునకు మనము చెప్పినచో ఱాయి. గోపన్నను చెఱలో నుంచిన తానాషాయే 1687లో గోలకొండ పడిన పిమ్మట ఔరంగజేబు చేత చిక్కి దౌలతాబాదు కోటలో బందీగ కడతేఱెను. అదియు కర్మఫలమే యని సంతోషించువారిని మేము చూచితిమి. మాకు సంతోషము కలుగలేదు. మన కులమున నీ ఱాయి విసరుట కొంచె మధికముగ నున్నదని చెప్పుటకు చింతించుచున్నాము. మగ్గము నిలిచిన యింటికి పోయి "మీ పూర్వకర్మ" యని వచ్చుటయు, బిడ్డ పరీక్ష తప్పిన యింటికి పోయి "మావాడు ప్రథమశ్రేణి" యని వచ్చుటయు మనలో పరామర్శ యనబడుచున్నవి.

ఇంతవఱకు పరుల కథలు. ఇప్పుడు మా కథ యొకటి చెప్పవలయునా వలదా యని పదిదినములు తర్కించితిమి. నోరు విప్పుటను గూర్చి మాటలాడువాడు తన నోరు మూసికొనుట యుక్తము కాదు గావున చెప్పుచున్నాము.

ఉద్యోగవిరమణ నాడు చేతికి వచ్చిన పైకమున పెద్దపాలును మేమొక చీటీల వ్యాపారమున పెట్టితిమి. రెండవ కుమార్తె వివాహమునకై యుంచినది. ఒక యుదయమున పోయి చూడగా నా కార్యాలయమునకు తాళము వేసియుండెను. బయట మావంటివారు నలువది యేబదిమంది నిలిచియుండిరి. కొందఱు తిట్టుచుండిరి, కొందఱు పోలీసుఠాణాకు పోదమనుచుండిరి, ఒక వృద్ధురాలు మెట్టుపై కూర్చుండి రసీదుపుస్తకమును మరల మరల చూచుకొనుచుండెను. మే మింటికి వచ్చి యేమియు చెప్పలేదు. భార్యకు రక్తపుపోటు గలదు, పెండ్లి కావలసిన పిల్ల వినును, అని కారణములు కల్పించుకొంటిమి. నిజమైన కారణము సిగ్గు. ఊరివారి పిల్లలకు నీతిపద్యములు చెప్పినవాడు మోసపోయెననిన నలుగురును నవ్వుదురని.

నాటినుండి నాలుగు నెలలు, ఒక పిల్లవానికి చదువు చెప్పుటకు కుదిరితిమని యింట జెప్పి, ఉదయము భోజనము కాగానే సంచియు గొడుగును దీసికొని బయలుదేఱెడివారము. మౌలాలినుండి లాలాపేట మీదుగ తార్నాకకు నడచి, విశ్వవిద్యాలయపు టావరణమున చెట్ల క్రింద నొక యరుగుపై కూర్చుండి సాయంకాలమునకు తిరిగి వచ్చెడివారము. సంచిలో గీత యుండెడిది. తెఱచిన పుట తెఱచినట్లే యుండెడిది. ఆ దారిని పోవు విద్యార్థులు కొందఱు మమ్ము విశ్రాంతాచార్యులని తలచి నమస్కరించుచుండిరి. ఆ నమస్కారములు మాకు ముండ్లవలె గుచ్చుకొనెడివి. నిత్యపూజ మానలేదు సుమండీ! పూజ యధికమే యయ్యెను. పువ్వులు హెచ్చినవి, స్తోత్రములు హెచ్చినవి. మనసు మాత్రము మూతవేసిన కుండవలె నుండెను.

ఒకనాటి సాయంకాలము ఇంటికి రాక రైలుపట్టాల వైపు పోతిమి. అచ్చట నేమాలోచించుచు నిలిచితిమో చెప్పము, సభలో పిల్లలున్నారు. పట్టాలను సరిచూచుకొనుచు వచ్చుచుండిన గ్యాంగుమ్యా నొకడు దీపము పైకెత్తి మమ్ము చూచి, "పెద్దాయనా, దారి తప్పినారా?" యని యడిగెను. అవునంటిమి. ఆతడు పని విడిచి మమ్ము వీథి వఱకు తీసికొనివచ్చి దిగబెట్టెను. నాలుగు నెలలలో మేము పలికిన మొదటి సత్యవాక్యము అది.

మఱునాడు పూజకు కూర్చుండి సంకల్పము చెప్పుచున్నాము. నలువదియేండ్లుగ చెప్పు సంకల్పమే. మీరందఱును పురోహితుని వెంట చెప్పియుందురు. అందులో నొక విశేషము గలదు. పాపక్షయము కోరుచోట "మమ" యని యేకవచనము. క్షేమము కోరుచోట "అస్మాకం సహకుటుంబానాం" అని బహువచనము. తప్పు నాది, మేలు మాయందఱిది. ఈ రెండవ మాటకడ మా నాలుక యాగిపోయెను. కుటుంబముతో గూడిన మాకు, అని దేవునియెదుట చెప్పుచున్నాము. ఆ కుటుంబమును నాలుగు నెలలుగ వాకిట నిలిపి తలుపు మూసితిమి. షష్ఠీ బహువచనమును వేలకొలది పిల్లలకు చెప్పిన వారము! ఆ బహువచనము మా యింటనే యబద్ధమై కూర్చుండెనని నాటివఱకు చూచుకొనలేదు.

పూజ సగములో విడిచి వంటయింటి గుమ్మమున నిలిచి అంతయు చెప్పితిమి. ఆమె పొయ్యి ఆర్పి, "తెలియును" అనెను. ఆ కార్యాలయము మూతపడిన వారముదినములకే పొరుగింటి యామెవలన వినెనట. నాటినుండి కూరలో నూనె తగ్గించి, ఒకపూట పాలు మాన్పించి, మాకు తెలియకుండ సంసారము సర్దుకొని వచ్చుచుండెను. ఏల యడుగలేదంటిమి. "మీరే చెప్పుదురని చూచుచుంటిని. నేనడిగిన మీరు కాదందురేమో, అప్పుడు మీచేత నబద్ధ మాడించినదాన నగుదునని భయపడితిని" అనెను. నాలుగు నెలలు ఆమె యొక గదిలో మ్రొక్కుకొనుచుండెను. మే మొక గదిలో మ్రొక్కుకొనుచుంటిమి. ప్రార్థన యొక్కటే, నడుమ గోడ.

పైకము నేటికిని రాలేదు. వచ్చునని మేమెదురు చూచుట లేదు. వివాహము రెండేండ్లాలస్యముగ, చిన్నగ, ఒక గుడిలో జరిగినది. అల్లుడు బుద్ధిమంతుడు. ఇందులో దేవుడు చేసిన దేమున్నదని యువకు లడుగవచ్చును. చీటీపైకము మోసికొని రామలక్ష్మణులు మా యింటికి రాలేదు. దీపము పట్టుకొని యొక గ్యాంగుమ్యాను వచ్చెను. ఒక మాటకడ నాలుక యాగెను. ఇవి కాకతాళీయములనువారితో మేము వాదింపము. మాకు దిక్కు వచ్చినది ఆ రెండు దారులనే.

మేము కూర్చుండుచుండిన యా యరుగునుండి ఆర్ట్సు కళాశాల కనబడుచుండెడిది. 1939లో ప్రారంభింపబడిన యా సౌధమును చూచునప్పుడెల్ల మా తెనుగు ఉపాధ్యాయులు జ్ఞప్తికి వచ్చుచుండిరి. దానికి ముందటియేడు, 1938లో, వసతిగృహములలో వందేమాతరము పాడినందులకు ఉస్మానియా విద్యార్థు లెందఱో వెడలగొట్టబడిరి. నాగపురపు విశ్వవిద్యాలయము వారిని చేర్చుకొనెను. ఓరుగల్లున చదువుచు ఆ యుద్యమమున పాల్గొనిన పి.వి. నరసింహారావుగారును నాగపురము పోయినవారే. 1991లో ప్రధానమంత్రి యైరి. ఉపన్యాసకులు ఈ కథ నిచ్చటనే యాపుదురు: చూచితిరా, వెడలగొట్టబడినవాడు ప్రధానమంత్రి యయ్యెను, అని. వెడలగొట్టబడినవారందఱును ప్రధానమంత్రులు కాలేదు. మా యుపాధ్యాయు లొక చిన్న యూరి బడిలో మావంటి మందబుద్ధులకు ఛందస్సు చెప్పుచు జీవితము గడపిరి.

ఆయన మన కులమువారే. "పోలీసులకు భయపడలేదురా, తండ్రికి జాబు వ్రాయుటకు భయపడితిని" అని చెప్పెడివారు. మగ్గముపై వంగి వంగి నడుము పోగొట్టుకొని చదివించిన తండ్రి. చదువు పోయినదని యెట్లు వ్రాయుట? నాగపురము చేరిన పిమ్మట మూడు వారములు కార్డు జేబులోనే నలిగినదట. తుదకు వ్రాసిరి. తండ్రికి చదువు రాదు. ఎవరిచేతనో ప్రత్యుత్తరము వ్రాయించెను. అందులో నింద లేదు, మెప్పు లేదు. "అచ్చట అన్నము దొరకుచున్నదా? చలి యెక్కువని విన్నాను. దుప్పటి పంపుచున్నాను" అని యంతే. తాను నేసిన దుప్పటి. ఆయన వృద్ధులైన పిమ్మటను ఆ దుప్పటి వారి మంచముపై నుండుట మేము కన్నులార చూచితిమి. దాని యంచు రెండుచోట్ల చినిగి, కుట్టబడి యుండెను.

మార్కండేయ మహర్షి సంతతివారమని, భావనాఋషి వంశ్యులమని మనము చెప్పుకొందుము. మన పెద్దలు చెప్పు కథలో, పదునాఱేండ్లకే యాయువు తీఱునను సంగతి తల్లిదండ్రులు కుమారునకు చెప్పక చాటున నేడ్చుచుండిరి. బాలుడు చూచి యడిగెను. వారు చెప్పిరి. చెప్పిన పిమ్మటనే కదా యాతడు శివలింగమును కౌగిలించుకొనుట! చెప్పకుండిన, యముడు వచ్చు వేళకు ఏ వీథిలోనో ఆడుకొనుచుండెడివాడు.

మరమగ్గముల యూరగు సిరిసిల్లలోను, చేమగ్గముల పల్లెలలోను, 1990 తరువాతి సంవత్సరములలో మనవా రెందఱు అప్పుల బాధచే ప్రాణములు తీసికొనిరో మీ రెఱుగుదురు. నూలు ధర హెచ్చుట, బట్ట ధర హెచ్చకుండుట, కూలి చాలకుండుట — ఇవి దైవకార్యములు కావు, మనుష్యకార్యములు. వానిని గూర్చి పోరాడవలసినదే. కొండా లక్ష్మణ్ బాపూజీ (1915–2012) నేతవారి సహకారసంఘములకై పాటుపడినది అందులకే. గజేంద్రుడును ముందు పోరాడినవాడే. కాని యా పోయినవారు భక్తి లేనివారని మాత్ర మెవరును అనవలదు. ఆ యిండ్ల గోడలపై మార్కండేయుని పటములుండెను. పోగు తెగిన చప్పుడు కాదు. నేతగాడు కంటితో చూచి, మగ్గ మాపి, ముడివేయవలయును. ఆ యిండ్లలో తెగినదానిని మనము చూడలేదు.

ఇప్పుడొక ప్రతిపాదన చేసి మా స్థానమునకు పోయెదము. నేడీ వేదికపై నేడుగురు బాలబాలికలకు పతకము లిచ్చితిమి. వారి ఛాయాచిత్రములు ఈ సంచికలో ముద్రింపబడును. మిక్కిలి సంతోషము, వారిలో నిద్దఱకు మేమే సంస్కృతము చెప్పితిమి. పరీక్ష తప్పినవారు మాత్రము ఈ సభకు రాలేదు. వారి తల్లిదండ్రులును రాలేదు. వెనుక రెండు వరుసల కుర్చీలు ఖాళీగ నుండుటకు ఎండ కారణము కాదు. మన సంఘమునొద్ద ప్రథమశ్రేణివారి పట్టిక గలదు. తప్పినవారి పట్టిక లేదు. పని పోయినవారి పట్టిక లేదు.

వచ్చు వేసవిలో ఫలితములు వెలువడునాటి సాయంకాలముననే తప్పినవారి యిండ్లకు సంఘమునుండి ఇద్దఱిద్దఱు పోవలయునని మా కోరిక. పోయినవారు బోధింపరాదు. కర్మ మాట యెత్తరాదు. తమ పిల్లల మార్కులు చెప్పరాదు. తే నీరిచ్చిన త్రాగవలయును. ఇయ్యకున్న నడిగి త్రాగవలయును. పిల్లవానితో, అన్నము తింటివా యని యడుగవలయును. వాడేడ్చిన నేడ్వనీయవలయును, దేవుని తిట్టిన తిట్టనీయవలయును. కర్మాగారము మూతపడిన యింటికిని ఇట్లే.

మౌలాలి, లాలాపేట, తార్నాక వఱకు మేము నడచిపోగలము; ఆ దారి మాకు బాగుగ తెలిసినది. నాచారము, మల్కాజిగిరి, ఉప్పలు వైపునకు వాహనములు గల యువకు లిద్దఱు కావలయును. కోశాధికారిగారి బల్లయొద్ద నొక పుస్తక ముంచితిమి. పేళ్లు వ్రాయదలచినవారు భోజనములకు లేచుటకు ముందే వ్రాయవలసినదిగ ప్రార్థించుచున్నాము.